హాడోలో ‘లోకల్’ బీరు కిట్: పెట్టెలో ఏముంది, చట్టం ఏమంటోంది?

హాడో జెట్టీలో దిగే ఓడల్లో ఉల్లిపాయల నుంచి సిమెంటు దాకా అన్నీ వస్తాయి. చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం... ఈ మూడు రేవుల్లో ఏదైనా అక్కడికి సుమారు 1,200 కిలోమీటర్ల దూరం. ఓడలో దాదాపు మూడు రోజుల ప్రయాణం. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో ‘స్థానికం’ అనే మాటకు ఉన్న బరువు, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండదు. అక్కడ ఒక వస్తువు స్థానికం కాదంటే, అది సముద్రం దాటి వచ్చిందని అర్థం.

‘స్థానిక పదార్థాలతో ఇంట్లోనే బీరు’ అంటూ ఫోన్లలో కనిపించే కిట్ల ప్రకటనలు ఇప్పుడు ఈ దీవుల దాకా చేరుతున్నాయి. బకెట్ లాంటి ఒక పాత్ర, గాలి బయటికి పోయేందుకు ఒక గొట్టం, బియ్యం సంచిలా కనిపించే మాల్ట్ సంచి, ఒక చిన్న ప్యాకెట్ ఈస్ట్, ఇంకో ప్యాకెట్ హాప్స్. చూడ్డానికి వంటింటి సరదాలాగే ఉంటుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభాలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు సుమారు 13 శాతం. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి తరాల కిందటే వెళ్లి స్థిరపడిన కుటుంబాలు వీరిలో చాలా ఉన్నాయి. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న బంధువు ఇంట్లో బీరు కాచిన ఫొటోలు పెడితే, ‘మనమూ ఒక కిట్ తెప్పించుకుంటే?’ అనిపించడం సహజం.

అయితే ఏ కిట్ మంచిదన్న ప్రశ్న కన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది.

‘ఇంట్లో తాగడానికే’ అంటే కుదురుతుందా?

కుదరదు. మద్యం తయారీ, స్వాధీనం, రవాణా, అమ్మకం రాజ్యాంగంలోని ఏడో షెడ్యూల్ ప్రకారం రాష్ట్రాల అధికారం. అండమాన్ కేంద్రపాలిత ప్రాంతం కనుక 240వ అధికరణ కింద రాష్ట్రపతి జారీచేసే రెగ్యులేషన్లు అక్కడ చట్టంగా పనిచేస్తాయి. ద్వీపాల్లో మద్యం వ్యవహారాలను నడిపేది 2012 నాటి ఎక్సైజ్ రెగ్యులేషన్. లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం. అమ్ముతున్నారా, స్నేహితులకు పోస్తున్నారా, ఒంటరిగా తాగుతున్నారా అన్న తేడా శిక్ష దగ్గర లెక్కకు రావచ్చేమో కానీ, నేరమా కాదా అన్న దగ్గర రాదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో అమల్లో ఉన్న 1968 నాటి ఎక్సైజ్ చట్టం ఇంకొంచెం ముందుకు వెళుతుంది. తయారీ ఒక్కటే కాదు, మత్తు పానీయం తయారుచేసే ఉద్దేశంతో ముడిసరుకును, పాత్రలను, పరికరాలను దగ్గర ఉంచుకోవడం కూడా అందులో నిషిద్ధమే. ఇక్కడ కీలకమైన మాట ‘ఉద్దేశం’. ఇంట్లో బార్లీ ఉండటం తప్పు కాదు. వేసవిలో బార్లీ జావ కాచుకోని ఇల్లు ఎక్కడుంది? ప్లాస్టిక్ బకెట్టూ తప్పు కాదు. కానీ బార్లీ మాల్ట్, హాప్స్, బీరు ఈస్ట్, గాలిగొట్టం బిగించిన బకెట్ ఒకేచోట, పైన ‘బీరు కిట్’ అని రాసిన పెట్టెలో ఉంటే ఉద్దేశాన్ని వేరే నిరూపించనక్కర్లేదు. ఆన్‌లైన్‌లో బహిరంగంగా అమ్ముతున్నారు కాబట్టి చట్టబద్ధమేనన్న నమ్మకం చాలామందిలో ఉంది. అమ్మకందారు విడివిడిగా అమ్మేది ధాన్యం, ఈస్ట్, సామాను. మద్యం తయారీ ఉద్దేశంతో వాటిని దగ్గర ఉంచుకున్నా, కలిపి పులియబెట్టినా నేరం పుడుతుంది. ఆ పని చేసేది కొన్నవారు.

కేరళలో క్రిస్మస్‌కు ఇంట్లో ద్రాక్ష వైన్ పెట్టుకోవడం ఎప్పటినుంచో ఉన్న ఆచారం. 2019 డిసెంబరులో అక్కడి ఎక్సైజ్ శాఖ, అది కూడా అబ్కారీ చట్టం కింద నేరమేనని హెచ్చరించడంతో పెద్ద దుమారమే రేగింది. ఆచారంగా వస్తున్న వైన్ పరిస్థితే అలా ఉంటే, కొరియర్‌లో వచ్చిన బీరు కిట్ గురించి చెప్పేదేముంది.

మైక్రోబ్రూవరీల సంగతి వేరు. కర్ణాటక 2010లో, తెలంగాణ 2015లో వాటికి నిబంధనలు తెచ్చాయి. అవి రుసుము కట్టి, లైసెన్సు తీసుకుని, అక్కడే కాచి అక్కడే పోసే వ్యాపారాలు. ఇంటి వంటగదికి ఆ తలుపు తెరుచుకోలేదు. అమెరికాలో 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం ఒక వయోజనుడికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు వయోజనులున్న ఇంటికి 200 గ్యాలన్ల దాకా పన్ను లేకుండా ఇంటి బీరును అనుమతించింది. బ్రిటన్ 1963లోనే లైసెన్సు అక్కర్లేదంది. ఆస్ట్రేలియాలోనూ సొంత వాడకానికి అనుమతి ఉంది. డాలస్‌లోని అన్నయ్యకు సరదా అయినది హాడోలోని తమ్ముడికి కేసు కావడానికి కారణం ఇంతే. బీరు ఒకటే, చట్టాలు వేరు.

‘లోకల్’ అని దేన్ని అంటున్నారు?

చట్టం మాట అలా ఉంచి, పెట్టె మీది మాటను పరీక్షిద్దాం. కిట్ ఎక్కడ కొన్నా ఈ పరీక్ష పనికొస్తుంది. బీరులో ఉండేవి నాలుగు: మాల్ట్, హాప్స్, ఈస్ట్, నీళ్లు. వీటిలో ఏది ఎక్కడిదని విడివిడిగా అడిగితే ‘లోకల్’ రంగు బయటపడుతుంది.

మాల్ట్ అంటే మొలకెత్తించి, ఆరబెట్టి, వేడి చేసిన బార్లీ. మొలకెత్తేటప్పుడు గింజలో పుట్టే ఎంజైములే తర్వాత పిండి పదార్థాన్ని చక్కెరగా మారుస్తాయి. రాగుల్ని మొలకెత్తించి మాల్ట్ పొడి చేసే ఇళ్లకు ఈ సంగతి కొత్త కాదు. మన దేశంలో బార్లీ రబీ పంట. రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, హరియాణా, మధ్యప్రదేశ్‌లలో పండుతుంది. మాల్ట్‌కు పనికొచ్చే రకాల మీద కర్నాల్‌లోని గోధుమ, బార్లీ పరిశోధన సంస్థ పనిచేస్తోంది. చలికాలం కావాల్సిన ఈ పంట అండమాన్‌లో పండదు. కాబట్టి ‘దేశీ మాల్ట్’ అని రాసి ఉంటే నిజమే కావచ్చు. ‘స్థానిక మాల్ట్’ అని రాసి ఉంటే మాత్రం ఎవరికి స్థానికమో అడగాలి.

హాప్స్ కథ ఇంకా కఠినం. బీరుకు చేదును, పరిమళాన్ని ఇచ్చే ఈ తీగ పూలకు వేసవిలో పొడవైన పగళ్లు కావాలి. భూమధ్యరేఖకు ఉత్తరాన గానీ దక్షిణాన గానీ 35 నుంచి 55 డిగ్రీల అక్షాంశాల మధ్య బాగా కాస్తుంది. హాడో ఉన్నది 12 డిగ్రీల లోపు. అక్కడ ఏడాదిలో అతి పొడవైన పగలు కూడా 13 గంటలు దాటదు. మన దేశంలో హిమాచల్‌లోని లాహౌల్ లోయలో హాప్స్ సాగు జరిగింది కానీ, బీరు పరిశ్రమ వాడే హాప్స్‌లో ఎక్కువ భాగం జర్మనీ, అమెరికాల నుంచి వచ్చేదే. అంటే ‘వంద శాతం లోకల్’ అని చెప్పుకునే కిట్‌లో హాప్స్ ప్యాకెట్ కనిపిస్తే, ఆ వంద దగ్గరే అనుమానపడాలి.

ఈస్ట్ ప్రయోగశాలలో పెంచి, ఎండబెట్టి, ప్యాక్ చేసినది. ఇక మిగిలింది నీళ్లు. బీరులో తొంభై శాతానికి పైగా ఉండేది అదే. హాడోలో కాచే బీరులో నిస్సందేహంగా స్థానికం అనదగ్గది పంపు నీళ్లు ఒక్కటే. ప్రకటనల్లో దాన్ని మాత్రం ఎవరూ గొప్పగా చెప్పరు!

ద్వీపాల దగ్గర ఉన్నదేంటి?

బార్లీ, హాప్స్ లేనంత మాత్రాన పులియబెట్టే సంప్రదాయం లేదని కాదు. 1918 నుంచి ఛోటానాగ్‌పుర్ ప్రాంతం వారిని అడవులు కొట్టే పనికి అండమాన్ తీసుకువచ్చారు. ద్వీపాల్లో వారిని ఈనాటికీ ‘రాంచీ వాళ్లు’ అనే పిలుస్తారు. వారితోపాటు వచ్చిందే హండియా. అన్నం వండి, చల్లార్చి, ‘రాను’ అనే బిళ్లల్ని పొడిచేసి కలిపి, కుండలో కొన్ని రోజులు ఉంచితే తయారయ్యే బియ్యపు బీరు అది. బియ్యప్పిండి, అడవి వేర్లు, ఆకులతో చేసే ఆ బిళ్లలో బూజూ ఈస్టూ రెండూ ఉంటాయి. బూజు పిండిని చక్కెర చేస్తుంది, ఈస్ట్ చక్కెరను ఆల్కహాల్ చేస్తుంది. బీరుకు మాల్ట్ చేసే పనిని ఇక్కడ బూజు చేస్తుంది. జపాన్ సాకే వెనక ఉన్నదీ ఇదే సూత్రం.

కొబ్బరి సంగతి సరేసరి. ద్వీపాల ప్రధాన పంటల్లో అదొకటి. గెల గీసి తీసిన రసానికి మాల్ట్‌తోనూ పనిలేదు, బూజుతోనూ పనిలేదు. అందులో చక్కెర సిద్ధంగా ఉంటుంది, గాలిలోని ఈస్ట్ గంటల్లోనే పని మొదలుపెడుతుంది. ఉదయం తియ్యగా ఉన్న నీరా సాయంత్రానికి కల్లు అవుతుందని గీత కార్మికుల ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు. ఆ పరుగును ఆపడానికే లొట్టిలో సున్నం రాస్తారు. కాసరగోడ్‌లోని కేంద్ర తోట పంటల పరిశోధన సంస్థ సున్నం బదులు మంచుతో చల్లబరిచే పెట్టె రూపొందించి, అలా తీసిన పులియని రసానికి ‘కల్పరస’ అని పేరు పెట్టింది. స్థానిక పదార్థం నుంచి విలువ రాబట్టడమంటే ఇదీ. అయితే కల్లు గీయడానికీ అనుమతి కావాలి, హండియాను సీసాల్లో నింపి అమ్మితే అదీ మద్యమే.

స్థానిక ధాన్యంతో బీరు కాయడం సాధ్యమేనని నిరూపించిన దేశం నైజీరియా. విదేశీ మారక ద్రవ్యం ఆదా చేయడానికి అక్కడి ప్రభుత్వం 1988లో బార్లీ మాల్ట్ దిగుమతిని నిషేధించింది. పెద్ద బ్రూవరీలు జొన్న, మొక్కజొన్నల వైపు మళ్లక తప్పలేదు. అప్పుడు ఎదురైన చిక్కు ఇంట్లో జొన్న సంకటి చేసేవారికి తేలిగ్గా అర్థమవుతుంది. జొన్న పిండి మెత్తబడి జిగురెక్కడానికి దాదాపు 70 డిగ్రీల వేడి కావాలి. చక్కెరగా మార్చే ఎంజైముల్లో ముఖ్యమైనది 65 డిగ్రీలు దాటితే నశించడం మొదలవుతుంది. అందుకే జొన్నను ముందు విడిగా ఉడికించి, చల్లార్చి, తర్వాత ఎంజైములు కలపాల్సి వచ్చింది. వరికీ ఇదే సూత్రం. మన దేశంలో అమ్మే మామూలు లాగర్లలో చాలావాటిలో నూకలు ఉంటాయి. అవి అలా విడిగా ఉడికి వచ్చినవే. రాగి మాత్రం మొలకెత్తితే మంచి ఎంజైములిస్తుంది. ఉగాండాలోని తేసో ప్రజలు చేసే ‘అజోన్’ రాగి బీరే.

ఈ లెక్కన నిజాయతీగా ‘లోకల్’ అనిపించుకునే కిట్ అంటే, ఎంజైముల కోసం కొంత మాల్ట్‌ను మాత్రం ఇచ్చి, ‘మిగతా పిండికి మీ ఊరి బియ్యాన్నో రాగినో వాడండి, బెల్లం మీ కొట్లో కొనండి, మిరియాలో అల్లమో మీ తోటలోంచి తెచ్చుకోండి’ అని చెప్పేది. డిగ్లీపూర్ వైపు వరి పండుతుంది, కొబ్బరి తోటల్లో మిరియం, లవంగం, జాజికాయ అంతర పంటలుగా ఉన్నాయి. అన్నీ పెట్టెలోనే పెట్టి, పెట్టె మీద కొబ్బరి చెట్టు బొమ్మ వేసినంత మాత్రాన సరిపోదు.

వేడి, నీళ్లు

కిట్లలోని సూచనల కాగితం సాధారణంగా చలిదేశాల్లో పుట్టినది. ‘గది ఉష్ణోగ్రతలో ఉంచండి’ అంటే దాని ఉద్దేశం 18 నుంచి 22 డిగ్రీలు. హాడోలో గది అంటే దాదాపు ఏడాది పొడవునా 25 నుంచి 31. పైగా పులుస్తున్నప్పుడు పాత్ర లోపల వేడి ఇంకో రెండు మూడు డిగ్రీలు పెరుగుతుంది. ఏల్ ఈస్ట్ ఆ వేడిలో చురుగ్గా పనిచేస్తుంది కానీ, గోళ్ల రంగు చెరిపే ద్రావకం లాంటి వాసనలను, తలనొప్పి తెచ్చే భారీ ఆల్కహాళ్లను కూడా వదులుతుంది. లాగర్‌కు 8 నుంచి 14 డిగ్రీలు కావాలి కాబట్టి, విడిగా ఒక ఫ్రిజ్ లేనిదే ఆ ఊసే వద్దు. నార్వే పల్లెల్లో తరతరాలుగా కాపాడుకున్న ‘క్వైక్’ అనే ఈస్ట్ రకాలు 30 నుంచి 40 డిగ్రీల మధ్య శుభ్రమైన రుచి ఇస్తాయి. విచిత్రమే కానీ, ఉష్ణమండలానికి సరిగ్గా సరిపోయే ఈస్ట్ మంచుదేశం నుంచి వచ్చింది.

నీళ్ల విషయం ఇంకా బరువైనది. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురిసే ఊరే అయినా, జనవరి నుంచి వానలు మొదలయ్యేదాకా ధనిఖారి డ్యామ్ నీటిని పొదుపుగా వాడుకునే రోజులు పోర్ట్ బ్లెయిర్ వాసులకు అలవాటే. ఇరవై లీటర్ల బీరుకు ఇరవై లీటర్ల నీళ్లు సరిపోతాయనుకుంటే పొరపాటు. ధాన్యం పీల్చుకునేది, మరుగులో ఆవిరయ్యేది, పాత్రలు కడిగేది, అన్నిటికన్నా ఎక్కువగా మరిగిన ద్రవాన్ని చల్లార్చడానికి రాగి గొట్టం గుండా వదిలేది... మొత్తం సులువుగా వంద లీటర్లకు చేరుతుంది. పైగా కుళాయి నీళ్లే 28 డిగ్రీలుంటే, వాటితో చల్లార్చింది 30 కిందికి దిగదు. కరవు రోజులు చూసిన ఆస్ట్రేలియాలో ఇంటి బీరు కాచేవారు దీనికి కనిపెట్టిన దారి, మరిగే ద్రవాన్ని వేడిని తట్టుకునే క్యాన్‌లో నింపి, మూత బిగించి, రాత్రంతా దానంతటదే చల్లారనివ్వడం. చల్లార్చే నీళ్లు ఒక్క లీటరూ ఖర్చు కావు.

అనుమతి ఉన్నచోట కొనేవారు ఏం చూడాలి?

ఇంటి బీరు చట్టబద్ధమైన చోట ఉన్న తెలుగువారికి మొదటి కిట్‌గా చిన్నదే మంచిది. నాలుగైదు లీటర్లది చాలు. ఆస్ట్రేలియాలో ప్రచారంలో ఉన్న డబ్బా కిట్లలో హాప్స్ కలిపి చిక్కగా కాచిన మాల్ట్ పాకం సుమారు 1.7 కిలోలుంటుంది. కిలో చక్కెర, నీళ్లు, ఈస్ట్ కలిపితే 23 లీటర్లవుతుంది. సులువే, కానీ అందులో స్థానికతకు చోటు తక్కువ. కాచేవారి చేతిలో ఉండేది చక్కెర ఒక్కటే. ధాన్యం నుంచి మొదలయ్యే కిట్ శ్రమ ఎక్కువ. బియ్యం, రాగి, జొన్నలతో ప్రయోగం చేయాలంటే మాత్రం అదొక్కటే దారి.

మర పట్టించిన మాల్ట్ తేమ తగిలితే వారాల్లో మెత్తబడి పాతవాసన పడుతుంది. హైదరాబాద్ నుంచి హ్యూస్టన్ దాకా ఉక్కపోత ఉన్న ఏ ఊళ్లోనైనా మర పట్టని గింజ ఇచ్చే కిట్ మేలు. హాప్స్ గాలి చొరబడని రేకు సంచిలో ఉండాలి, పంట ఏడాది రాసి ఉండాలి. ఈస్ట్ ప్యాకెట్ మీద గడువు తేదీతోపాటు అది పనిచేసే ఉష్ణోగ్రత కూడా ఉండాలి. ఇవేవీ లేని పెట్టెను, దాని మీద ఎన్ని ఆకులు వేలాడుతున్నా, పక్కన పెట్టొచ్చు.

చాలా చవక కిట్లలో కనిపించనిది హైడ్రోమీటర్. చక్కెర ఎంత ఉందో, ఎంత మిగిలిందో చెప్పే ఈ గాజు పరికరం లేని కిట్‌ను కొనకూడదు. మొదట్లో 1.048 చూపించి, పులిశాక 1.010 దగ్గర రెండు మూడు రోజులు కదలకుండా నిలిస్తే, సుమారు 5 శాతం ఆల్కహాల్ తయారైందని, ఇక సీసాల్లో నింపవచ్చని అర్థం. సాధారణంగా ఈ పరికరాలు 20 డిగ్రీలకు సరిచేసి ఉంటాయి. 30 డిగ్రీల ద్రవంలో ముంచితే 0.002 దాకా తక్కువ చూపిస్తాయి కాబట్టి అంత కలుపుకోవాలి. పులియడం పూర్తి కాకుండా సీసాలో బిగిస్తే మిగిలిన చక్కెర అక్కడే పులిసి, వాయువు పెరిగి, సీసా బాంబులా పేలుతుంది. గాజు ముక్కలు కంట్లో గుచ్చుకున్నాక రుచి గురించి మాట్లాడుకోలేం. నురగ కోసం సీసాలో వేసే చక్కెర కూడా లీటరుకు 6, 7 గ్రాములు మించకూడదు. మొదటిసారి కాచేవారు మందపాటి ప్లాస్టిక్ సీసాలు వాడటం క్షేమం. అవి బిగుసుకుంటే చేతికి తెలుస్తుంది.

‘ఇంట్లో చేసింది తాగితే చూపు పోతుంది’ అన్న భయం గురించి ఒక మాట. ధాన్యాన్ని పులియబెడితే పుట్టే మిథనాల్ లెక్కలోకి రానంత స్వల్పం. కల్తీ సారా మరణాల వెనక సాధారణంగా ఉండేది బయటినుంచి కలిపిన పారిశ్రామిక మిథనాల్. తెలుగు రాష్ట్రాల్లో కల్తీ కల్లు మనుషుల్ని ఆసుపత్రి పాలుచేయడానికి కారణం క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం లాంటి మందులు. ఇంటి బీరులో అసలు ప్రమాదాలు పేలే సీసా, సరిగా కడగని పాత్ర, మరుగుతున్న ఇరవై లీటర్ల కుండ.

మరి హాడోలో ఏం చేయొచ్చు?

ఈస్ట్ లేని దారి ఒకటుంది. మాల్ట్‌ను వేడి నీళ్లలో నానబెట్టి, వడకట్టి, కాసింత అల్లం, మిరియం వేసి మరిగించి, చల్లార్చి, సోడా యంత్రంతో గ్యాస్ ఎక్కించిన నీళ్లలో కలిపితే మాల్ట్ సోడా అవుతుంది. కరీబియన్ దీవుల్లో పిల్లలు కూడా తాగే ‘మాల్టా’ ఈ కోవలోదే. ఇందులో పులియడం లేదు, ఆల్కహాల్ లేదు. ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2018 నిబంధనల ప్రకారం 0.5 శాతానికి మించి ఆల్కహాల్ ఉంటేనే అది మద్య పానీయం. ఆ గీతకు ఇవతల ఉండాలంటే, ఈస్ట్ ప్యాకెట్ గానీ, అల్లం, బెల్లం కలిపి పులియబెట్టే ‘జింజర్ బగ్’ లాంటివి గానీ వాడకూడదు. 30 డిగ్రీల వేడిలో అవి రెండు రోజుల్లోనే గీత దాటించగలవు.

రాగి మాల్ట్‌తో చేస్తే బార్లీ కోసం ఓడ వైపు చూడక్కర్లేదు. రాగుల్ని రాత్రంతా నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, రెండు రోజులు మొలకెత్తనిచ్చి, ఎండబెట్టి, దోరగా వేయించి, రవ్వలా మర పట్టించాలి. కిలో రవ్వకు నాలుగు లీటర్ల నీళ్లు. ముందు అందులో నాలుగో వంతు రవ్వను విడిగా ఉంచి, మిగతాది జావలా ఉడికించి, 65 డిగ్రీలకు చల్లారాక విడిగా ఉంచినది కలిపి గంటసేపు మూత పెట్టాలి. అప్పటికి చిక్కటి జావ పలచబడి, నోట్లో వేసుకుంటే తియ్యగా తగులుతుంది. విడిగా ఉంచే ఆ నాలుగో వంతును మాత్రం వేయించకూడదు. వేయిస్తే ఎంజైములు చచ్చిపోయి, జావ జావగానే ఉండిపోతుంది.